చేతికిచ్చిన ఓటు

ఏ పార్టీకి ఎక్కువ సీట్లొస్తాయో ముందే చెప్పే సర్వేలో నేను మూడు వారాలు పనిచేశాను. అందుకే ఇప్పటికీ టీవీలో ఎవరైనా టై కట్టుకుని కూర్చుని "ఫలానా పార్టీకి ఇన్ని సీట్లు" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ అంకెలు ఎక్కడ పుడతాయో నాకు తెలుసు.

తొంభై తొమ్మిది ఎన్నికల ముందు సంగతి. కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి, మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో ఉద్యోగం వస్తుందని కాచుక్కూచున్నాను. రాలేదు. దానికి బదులు మెడలో ఒక కార్డు, చంకలో ఫారాల కట్ట, కొత్తగూడ నుంచి కొండాపూర్ దాకా ఎండలో తిరుగుడు వచ్చాయి.

"ఎవరికి వేస్తారమ్మా?" అంటే ఏ ఇంట్లోనైనా ఒకటే జవాబు. "మీకే మేడం!" మెడలో కార్డుందంటే ఏదో ఒక పార్టీ మనిషే అయి ఉంటుందని వాళ్ల నమ్మకం. "నేను ఏ పార్టీ కాదమ్మా" అంటే, "మరి గ్యాస్ కనెక్షన్ రాసుకోనీకి వచ్చినవా?" అని ఇంట్లో వాళ్లందరినీ పిలిచేవారు. ఫారంలో 'మీకే'కి గడి లేదు. ఏం చేయను, 'తెలియదు' దగ్గర టిక్కు పెట్టేదాన్ని.

సాయంత్రం మా సూపర్‌వైజర్, గుంటూరాయన, కట్ట తిరగేసి తల పట్టుకునేవాడు. "ఇన్ని 'తెలియదు'లేంటండీ? పైవాళ్లు ఊరుకుంటారా? కాస్త మొహం చూసి టిక్కు పెట్టెయ్యండి." మొహం చూసి చెప్పడానికి నేనేమన్నా సోది చెప్పేదాన్నా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

అలా విసిగిపోయి ఉన్న ఒక మధ్యాహ్నం, కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్లు కడుతున్న చోటికి వెళ్లాను. ఇటుకలు మోసే ఒకామె, పాలమూరు వైపు మనిషి, తట్ట దించి తనే నా దగ్గరికి వచ్చింది. అడగ్గానే ఏ గుర్తుకు వేస్తుందో చెప్పింది, ఎందుకో కూడా చెప్పింది. అన్ని రోజుల్లో నాకు దొరికిన మొదటి తిన్నని జవాబు అది. సంతోషంగా టిక్కు పెట్టి, ఓటెక్కడ అని అడిగాను. ఊళ్లోనట. అంటే మా నియోజకవర్గం కాదు, ఫారం చెల్లదు. చించబోయాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"చింపకు మేడం. స్లాబ్ పడేదుందని మేస్త్రీ ఊరికి పోనిస్తలేడు. డూటీల ఉన్న పోలీసోళ్ల ఓట్లు పోస్టుల పోతయట గద. నాది గూడ గట్లనే జర పంపరాదు?"

"ఇది ఓటు కాదమ్మా, ఉత్త సర్వే. ఎవరు గెలుస్తారో ముందే తెలుసుకుంటాం."

"మేం ఎయ్యకముందే మీకెట్ల ఎరుకైతది?"

దానికి మా ఆఫీసులో ఎవరి దగ్గరా జవాబు లేదు. మళ్లీ మొదట్నుంచి చెప్పాను. ఆమె మళ్లీ మొదటికే వచ్చింది. పోయినసారి వాళ్ల వదిన ఓటెయ్యలేదట, ఆమె పేరు జాబితాలోంచి తీసేశారట. "బతికుండంగనే సచ్చినోళ్లల్ల కలిపిన్రు మేడం. నాదీ గట్లనే తీసేస్తరు." నెత్తిన ఎండ, కడుపులో ఆకలి, చేతిలో ఇంకా సగం ఫారాలు. నా ఓపిక అయిపోయింది. "సరే సరే, పంపుతాలే!" అన్నాను. ఆమె ఊరి పేరు, ఇంటి నంబరు దగ్గరుండి రాయించి, రెండు చేతులూ జోడించింది. నేను అప్పటికే పక్క మనిషి వైపు తిరిగాను.

ఆ ఫారం చూసి సూపర్‌వైజర్ మురిసిపోయాడు. "జవాబంటే ఇలా ఉండాలండీ! ఊరి పేరు కొట్టేసి కొండాపూర్ అని రాయండి." రాశాను. అలా ఆమె ఓటు కొండాపూర్‌లో పడింది, మా కాగితాల మీద.

తీరా ఫలితాలు వచ్చాక మేం చెప్పిన పార్టీయే గెలిచింది. ఆఫీసులో లడ్డూలు పంచారు. ఆ 'మీకే'ల్లోంచి, ఆ మొహం చూసి పెట్టిన టిక్కుల్లోంచి నిజం ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. తప్పినా అంత చిరాకు పడేదాన్ని కాదేమో.

కొన్నాళ్లకు కొత్తగూడలో బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె రోడ్డు దాటి పరుగున వచ్చింది.

"మేడం, నా ఓటు ముట్టిందా?"

బస్సొస్తోందేమోనని రోడ్డు వైపు చూశాను. ఆమే అందుకుంది. "నువ్వు పంపుతనన్నవని మేస్త్రీతోని కొట్లాడుడు ఇడిసిపెట్టిన. లేకుంటే ఎట్లనన్న పోయి ఏసొస్తుంటి."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ చెప్పలేదు. "ముట్టింది" అన్నాను.

"ఇగ నా పేరు తియ్యరు గద?"

"తియ్యరు" అన్నాను.

సర్వేలో చేరాక ఎవరూ నేర్పకుండా నా అంతట నేను చెప్పిన జోస్యం అదొక్కటే. అది నిజమైందో లేదో కనుక్కోవడానికి నేను ఆ ఊరు వెళ్లలేదు.