పెన్‌పహాడ్ దారిలో తోక తిరిగిన కారు

తొలి అడుగుకు తోడుండే విఘ్ననాయకునికి, పలుకుల తల్లికి చేతులు మోడ్చి, స్వస్తిశ్రీ చాంద్రమాన విరోధి నామ సంవత్సర మార్గశిర శుద్ధ దశమి నాడు, మిర్యాలగూడలో మా చిన్నవాని యింటి ముందుగదిలో కూర్చుండి వ్రాస్తున్న మాటలివి.

నిన్న సాయంకాలం మనుమడు టెలివిజనులో ఏదో చలిదేశపు దృశ్యం చూస్తూ నన్ను పిలిచాడు. కనుచూపు మేర మంచు, నడుమ తెల్లని దారి, ఆ దారి మీద రెండే ఆసనాలు గల పొట్టి ఎర్రకారు. తోలుతున్నవాడు చక్రం ఎటు త్రిప్పితే బండి అటు పోవడం లేదు. ముందుభాగం ఒక దిక్కు చూస్తుంటే వెనుకభాగం తన దారి తాను వెదుక్కుంటూ ప్రక్కకు వచ్చి, చూస్తుండగానే ఆ కారు బొంగరంలా తిరిగి, వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి నిలిచింది. “దీని బలమంతా వెనుక చక్రాలకే తాతయ్యా, మంచుల మన మాట ఇనదు” అని వాడు నాకు బోధించబోయాడు. నేను నవ్వాను. ఇన్నేండ్లు వచ్చినా మంచు ముఖం చూడనివాణ్ణి నేను. అయినా అటువంటి బండి మాట వినకపోతే లోపల కూర్చున్నవాని గుండె ఎట్లా ఉంటుందో ఈ ఇంటిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అరువది సంవత్సరాల చక్రం ఒక చుట్టు తిరిగి మళ్లీ విరోధి వచ్చింది. వెనుకటి విరోధిలో, ఇదే మార్గశిర శుద్ధ దశమి నాడు, నేను పెండ్లికొడుకునై అటువంటి కారులోనే కూర్చున్నాను.

నా ఈడువారికి ఆ దినాలను వేరుగా వర్ణించనక్కరలేదు. అంతకు ముందు రెండేండ్లు మా నైజాం ఇలాకాలో అల్లర్లకు భయపడి పట్టపగలు కూడ బండ్లు కట్టడానికి జనం జంకిన కాలం. నిశ్చయమైన పెండ్లిండ్లు ఎన్నో ఆగిపోయాయి, మాదీ అట్లాగే ఆగింది. మాది కోదాడ, పిల్లది పెన్‌పహాడ్. తండ్రి చిన్ననాడే పోవడంచేత నన్ను పెంచి, కావ్యాలు చెప్పించి పెద్దవాణ్ణి చేసినవారు మా తాత. పెండ్లిచూపుల నాడు ఆ పిల్లను ఏదైనా పద్యం చదువుమంటే మూడు పాదాలు మంచి గొంతుతో చదివి, నాలుగవ పాదం దగ్గర ఆగి తల వంచుకొన్నది. మరచిపోయింది కాబోలునని నేను గబగబ ఆ పాదం అందించాను. అప్పుడు ఒక్కసారి తలెత్తి చూచింది. ఆ చూపును మనసులో దాచుకొని రెండేండ్లు గడిపినవాణ్ణి నేను. అందుచేత ఆనాటి లగ్నం తప్పితే నాకేమి తప్పిపోతుందో పాఠకులు ఊహించుకోగలరు.

తప్పే ప్రమాదం ఉత్తమాట కాదు. పెన్‌పహాడ్‌లో ఆ పిల్ల నాయనమ్మ పట్టుదల గల మనిషి. ఇన్నాళ్లు వాయిదా పడిన పెండ్లి ఇంకొకసారి ఆగితే పిల్లకు మాట వస్తుందనీ, గోధూళి వేళ వృషభ లగ్నం దాటే లోపల పెండ్లికొడుకు పీట మీద లేకుంటే మిర్యాలగూడ నుండి వచ్చే మేనబావనే కూర్చోబెట్టి తాళి కట్టిస్తాననీ ముందే కబురు పంపింది. ఆ కాలంలో అట్లా జరిగిన పెండ్లిండ్లు లేకపోలేదు. మా తాత ఆ కబురు విని, అట్లా అనడం ఆమె ధర్మమేనని మెచ్చుకొన్నారు కూడ.

ఇక కారు సంగతి. మా చిన్నమామ, అంటే అమ్మకు చిన్నతమ్ముడు, సికిందరాబాదులో ఉద్యోగం చేసేవాడు. దొరలు దేశం విడిచిపోతున్న రోజులలో ఒక దొర వదలిపోయిన స్పోర్ట్స్ కారును ఎట్లాగో సంపాదించాడు. నేలకు జానెడు ఎత్తున, పొడుగాటి ముక్కుతో, పైన మడిచిపెట్టే గుడ్డకప్పుతో ఎర్రగా మెరిసే ఆ బండిలో తాను గాక ఇంకొక్కరే పట్టుతారు. ముందు చక్రాలు దారి చూపుతాయనీ, వెనుక చక్రాలు త్రోస్తాయనీ, లోకంలో ఉత్తమమైన కార్లన్నీ అటువంటివేననీ అతడు కనబడిన వారందరికీ చెప్పేవాడు. మేనల్లుడు ఎడ్లబండిలో పెండ్లికి పోవడం తాను బ్రతికుండగా జరగదన్నాడు. కోదాడ నుండి సూర్యాపేట దాకా రాళ్లబాట మీద ఆ కారు గాలిలా వచ్చింది. సూర్యాపేటలో మా మేనత్త యింట ఆ రాత్రి విడిది చేసి, ప్రొద్దున మంగళహారతి పట్టించుకొని, కొబ్బరికాయ కొట్టి, నుదుట బాసికం, బుగ్గన చుక్కతో నేను ఆ కారు ఎక్కాను. ఎదురుకోలు జరిగేదాకా నేల మీద కాలు మోపరాదని, ఎక్కిన వాహనం నడుమ మారరాదని, మారితే రెండవ పెండ్లి యోగమని తాత నాకు చెప్పి, తాము పెద్దమామతో, అమ్మతో, తక్కిన బలగంతో వెనుక ఎడ్లబండ్లలో బయలుదేరారు.

అప్పటికి రెండు రోజులుగా ముసురు. నల్లరేగడి ముసురుకు నానితే ఎట్లా ఉంటుందో అక్కడ పుట్టినవారికే తెలుస్తుంది. పైకి నున్నగా వెన్న పూసినట్టు కనిపిస్తుంది, కాలు పెడితే జారుతుంది, జారకుంటే పట్టుకొని విడువదు. సగం దారి ఏ విఘ్నమూ లేకుండ పోయాము. తరువాత పల్లంలో బాట ఇరుకై, ఇరుప్రక్కల దున్నిన చేలు, నడుమ బండి పట్టేంత దారి. అక్కడ వెనుక చక్రాలు ఉన్నచోటనే గిరగిర తిరగసాగాయి. మామ ఇంకా గట్టిగా త్రొక్కాడు. అంతవరకు మమ్మల్ని త్రోస్తున్న ఆ వెనుకభాగానికి ఏమి తోచిందో, కుడి ప్రక్కకు జారి మమ్మల్ని దాటి ముందుకు వచ్చింది. మామ చేతిలోని చక్రాన్ని ఆ దిక్కుకు త్రిప్పాడు, ఈ దిక్కుకు త్రిప్పాడు, దేవతల పేర్లు తలచాడు. ఆకాశం, చేలు, తుమ్మచెట్లు నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాయి. బండి ఆగి చూచుకొంటే మా ముఖాలు సూర్యాపేట వైపు, వీపులు పెన్‌పహాడ్ వైపు.

మామ దిగి ఎంత శ్రమపడ్డా ఫలం లేకపోయింది. కొంతసేపటికి ఎడ్లబండ్లు వచ్చాయి. మగవాళ్లందరు కలిసి కారును ఎత్తి త్రిప్పబోతే మనుషులే మోకాలిలోతు దిగబడ్డారు. చక్రాల క్రింద జొన్నచొప్ప పరిస్తే దానిని నమిలి వెనుకకు ఊసింది. అప్పుడు పెద్దమామ సులువైన ఉపాయం చెప్పాడు: కారు తోకకు మోకు కట్టి, రెండు జతల ఎడ్లను పూన్చి, ఉన్నదున్నట్టుగా పెన్‌పహాడ్ వైపు లాగించడం. అందరూ సరేనన్నారు. మోకు కూడ తెచ్చారు. తాత చేయి అడ్డం పెట్టారు.

“పెండ్లికి పోయెటోడు పెండ్లింటికి వీపు పెట్టి పోతడారా? గట్ల పోతే అది పోవుడు కాదు, మర్లుడు. హారతి పట్టి పంపినంక వెనుకకు మర్లిన పెండ్లికొడుకును నేను చూడలేదు.”

“మర్లుడెట్లయితదయ్యా? ఊరు దగ్గరికొస్తుంటే మనం పోతున్నట్టా, మర్లినట్టా?” అన్నాడు పెద్దమామ.

ఇక వాదం మొదలయింది. గమనం అనేది దూరాన్ని బట్టి నిర్ణయించవలెనా, ముఖాన్ని బట్టి నిర్ణయించవలెనా? పెద్దమామ దూరపక్షం, తాత ముఖపక్షం. తాత తర్కం చదువుకొన్నవారు, పెద్దమామ ఓడిపోవడం ఎరుగనివాడు. ఒకరు దేవుని రథం మాట తెస్తే మరొకరు చల్ల చిలికే కవ్వం మాట తెచ్చారు. వాన సన్నగా పడుతూనే ఉంది. ఎడ్లు నిలబడి నెమరువేస్తున్నాయి. గుడ్డకప్పు చిరిగినచోట నుండి నీరు కారి నా బుగ్గచుక్క కరిగి గడ్డం దాకా వచ్చింది. దిగి నడుద్దామంటే నేల త్రొక్కరాదు. ఎడ్లబండి ఎక్కుదామంటే వాహనం మారరాదు. మాట్లాడుదామంటే పెండ్లికొడుకు పెద్దల నడుమ నోరు విప్పరాదు. ఒక్కసారి “తాతా” అన్నాను. ఆయన చూచిన చూపుకు ఆ పిలుపు నా గొంతులోనికే తిరిగిపోయింది. చిన్నమామ పాపం కారు ముక్కు మీద చేయి వేసి, జబ్బుపడిన బిడ్డ దగ్గర నిలుచున్నట్టు నిలుచున్నాడు. మబ్బుల వెనుక ప్రొద్దు ఎంత దిగిందో తెలియడం లేదు. మూడు పాదాలు చదివి ఆగిన ఆ గొంతు నాకు మళ్లీ మళ్లీ వినిపించింది. ఈసారి నాలుగవ పాదం అందించేవాడు వేరొకడు కాబోతున్నాడని తోచి, ఎవరికీ కనబడకుండ ఉత్తరీయంతో కండ్లు తుడుచుకొన్నాను. వాన కదా, ఎవరూ అనుమానించలేదు.

అంతలో పెన్‌పహాడ్ వైపునుండి ఒక యువకుడు కొత్త పట్టుపంచెను మోకాళ్లపైకి ఎగగట్టుకొని, చెప్పులు చేత పట్టుకొని, బురదలో ఎగురుకుంటూ వచ్చాడు. వస్తూనే “పెండ్లికొడుకెవరయ్యా?” అని అడిగి, బాసికం చూచి నాకు దండం పెట్టాడు.

“అన్నా, నేను మిర్యాలగూడ మేనబావను. మా అమ్మమ్మ నాకు పట్టుపంచె కట్టిచ్చింది. జర దయుంచి తొందరగ రా. చిన్నప్పటిసంది ఆ పిల్లతోని దెబ్బలు తిన్నోణ్ణి. ఇగ బతుకంత తినుమంటే నేను ఖతం.”

వాదం ఆగింది. తాత కూడ అతనివైపు తిరిగారు. ఊరిలో పరిస్థితి ఏమిటని పెద్దమామ అడిగాడు.

“ఏముంది? గౌరీపూజకు కూసున్నది, లేస్తలేదు. వెయ్యి నామాలు అయినయి, మల్ల మొదటిసంది సదువుమన్నది. అయ్యగారి గొంతు పోయింది. పూజల ఉన్న పెండ్లిపిల్లను నడుమల లేపొద్దట గద, మా అమ్మమ్మ పండ్లు కొరుకుతున్నది గని ఏం చెయ్యలేకపోతున్నది. కుంకుమ పొయ్యమని నన్ను పిలిచి, ‘బావా, దారెంబడి పోయి చూసి రా, ఉత్తగ రాకు’ అన్నది మెల్లగ.”

ఆ మాట విన్నప్పుడు నా ఒంటి మీద తడిబట్ట వెచ్చబడింది. నేను కదలలేకుండ, పలుకలేకుండ ఏ ఆచారంలో కూరుకుపోయి ఉన్నానో, అటువంటి ఆచారాన్నే చేత పట్టుకొని ఆమె అక్కడ కాలాన్ని నిలబెడుతున్నది.

అతనికి ఇక్కడి చిక్కు చెప్పారు. దూరపక్షం, ముఖపక్షం రెండూ విని, పంచె పిండుకొంటూ తాతను అడిగాడు.

“అయ్యగారూ, కారుకా పెండ్లి, అన్నకా?”

“ఏం మాటయ్యా అది? వానికే.”

“మరి కారు మొగం ఎటుంటే మనకేంది? అన్నను తిప్పి కూసోబెట్టుండ్రి.”

తాత కండ్లు మూసుకొని ఆ మాటను అన్నివైపుల నుండి పరీక్షించారు. తరువాత “శాస్త్రానికి విరోధం లేదు” అన్నారు. పెద్దమామ తానే గెలిచానన్నాడు. తాత కూడ అదే అన్నారు. చిన్నమామ గుడ్డకప్పు మడిచి వెనుకకు దించితే, నన్ను నేల తగలనీయకుండ ఎత్తి, ఆ మడతల మీద పెన్‌పహాడ్ వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టారు. మేనబావ నా పైన గొడుగు పట్టాడు. తోకకు మోకు కట్టి ఎడ్లను అదిలించారు. లోకంలోనే ఉత్తమమైన ఆ స్పోర్ట్స్ కారు, తోక ముందుగా, ముక్కు వెనుకగా, ఎడ్ల వెంట సాగింది. చిన్నమామ ఒక్కడే అలవాటుచొప్పున చక్రం పట్టుకొని, ఎవరికీ అక్కరలేని దిక్కుకు చూస్తూ కూర్చున్నాడు.

ఊరి మొదట జనం నవ్వాపుకోలేకపోయారు. ఎదురుకోలు పరుగు మీద జరిగింది. లగ్నం ఇంకా మిగిలే ఉన్నది. తెర తీసినప్పుడు ఆమె కనుపాపలలో నిద్ర లేదు, భయం లేదు. నా గడ్డం దాకా జారిన బుగ్గచుక్కను చూచి పెదవి కొరుక్కొన్నది. ఆ నాలుగవ పాదం తాను మరచిపోలేదనీ, నాకు వచ్చునో రాదో చూడడానికే ఆగాననీ పెండ్లయిన చాలా ఏండ్లకు గాని చెప్పలేదు.

ఆ కారు మళ్లీ మట్టిదారి పట్టలేదు. చిన్నమామ, పెద్దమామ, తాత అందరూ వెళ్లిపోయారు. మేనబావ మిర్యాలగూడలో బియ్యపు మిల్లు పెట్టి, అక్కడి బడిలో తెలుగు పండితుని ఖాళీ ఉందని నన్ను రప్పించి, కలిసినప్పుడల్లా నేను తనకు పడిన బాకీ తీరలేదని వేళాకోళం చేస్తూ ఉండి, అతడూ పోయాడు. ఇప్పుడు ఆ పల్లంలో నల్లని తారు రోడ్డు. సాగరు కాలువల పుణ్యమా అని చుట్టూ వరిపొలాలు. ముసురు పట్టినా బండ్లు ఆగవు. ముఖం గొప్పదా దూరం గొప్పదా అని దారిలో నిలబడి వాదించేవారూ లేరు, అంత తీరిక గలవారూ లేరు.

పోయిన సంవత్సరం ఆమెకు ఒంట్లో బాగాలేక అంబులెన్సులో హైదరాబాదు దవాఖానకు తీసుకొనిపోయాము. తల ముందుకు, కాళ్లు వెనుక తలుపు వైపుకు ఉండేటట్టు పడుకోబెట్టారు. నేను ప్రక్కన కూర్చుండి చేయి పట్టుకొన్నాను. అంతకన్న నేను చేయగలిగినది ఏమీ లేకపోయింది. ఆమె వెనుక అద్దంలో దూరమైపోతున్న దారిని చాలాసేపు చూచి, “ఏమండీ, మీ పెండ్లికారు లెక్కనే ఉన్నది చూడుండ్రి. మొగమొక దిక్కు, పోవుడొక దిక్కు” అన్నది. ఆ వాక్యం పూర్తిచేసే పాదం ఏదీ నాకు రాలేదు.

దారి బాగున్నది. బండి ఎక్కడా ఆగలేదు. సర్వధారి నామ సంవత్సర మాఘ బహుళ చవితి నాడు, తెల్లవారిన తరువాత, ఆమె కాలం చేసింది.