అమ్మ వేషానికి కాటుక

అబుదాబిలో నర్సుగా పనిచేసే ఎలీనా నల్లగా ఉంటుందని, చర్చివాళ్ల క్రిస్మస్ నాటకంలో ఏటా సాతాను వేషం ఆమెకే కట్టేవారు. సాతానుకు తెల్లమొహం పెడితే దేవుడు ఊరుకోడు కాబోలు! 2020లో కరోనా వల్ల నాటకం ఆన్‌లైన్‌కి మారింది. ఆ ఏడు ఎంచుకున్నది, పోలీసుల చేతిలో కొడుకును పోగొట్టుకున్న నల్లజాతి తల్లి కథ. వర్ణవివక్ష మీద పోరాడే ఆఫ్రికా కుర్రకారు చూసి మాట్లాడతారన్నారు. ఈసారి తల్లి వేషం తనదేననుకుంది ఎలీనా.

నాటకం వేయించే ఆనందకుమార్ ఆ వేషాన్ని ఆమె గదిలోనే ఉండే, తెల్లగా మెరిసే ఫేబాకిచ్చాడు.

"ఫేబా మొహం కెమెరాలో కళగా ఉంటదమ్మా. నువ్వు పక్కనుండి కాటుక పూసిపెట్టు. నీ బుగ్గ చూసి రంగు కలిపితే సరిపోద్ది."

ఎలీనా పళ్లు బిగబట్టి పూసింది.

నాటకం మధ్యలో కాటుక సరిదిద్దబోయి ఎలీనా కూడా తెర మీద కనబడింది. "తల్లిగా ఆమే నటించొచ్చుగా?" అని ఇంగ్లీషులో అడిగింది ఓ ఆఫ్రికా అమ్మాయి.

"ఆమె మేకప్ మనిషి" అన్నాడు ఆనందకుమార్.

ఆ పిల్లలంతా ఒక్కొక్కరే వీడియో కాల్‌లోంచి వెళ్లిపోయారు.

"ఛ, నెట్టు ఖలాస్" అన్నాడాయన.

ఫేబా సబ్బుతో మొహం రుద్ది రుద్ది కడుక్కుని అద్దంలో చూసుకుంది.

"హమ్మయ్య, పోయిందక్కా! మళ్లీ మనిషినయ్యాను" అంది, వెనక నిలబడ్డ ఎలీనాతో.