కార్డు ఊదిన ఆదినారాయణ

ఆదినారాయణది చిలమకూరు. ఇంటిల్లిపాదీ గొర్రెల వెంట తిరిగితే, టెలిఫోన్ల వెంట తిరిగినవాడు ఆయనొక్కడే. జమ్మలమడుగు ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్‌గా ఇరవై ఆరేళ్ళు చేసి రిటైరయ్యాడు. ఆయన చెయ్యి పడితే చచ్చిన ఫోను లేచి కూర్చుంటుందని ఆ చుట్టుపక్కల పేరు. ఆ పేరు ఆయన కొంప ముంచి ఉంటే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు. మునిగింది ఇంకొకరి కొంప.

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఐ.ఎస్.డి.ఎన్. లైను ఉండేది. ఒక్క లైను మీద ముప్పై మంది ఒకేసారి మాట్లాడుకోవచ్చు. అక్కడ మనుషులు చాలక ఆ లైను బాధ్యత కూడా ఆదినారాయణ నెత్తినే పెట్టారు. ఆసుపత్రి మెట్ల కింద గదిలో దాని పెట్టె. పక్కనే స్విచ్‌బోర్డు ముందు హజరాబీ. తొమ్మిదేళ్ళుగా వచ్చిన ప్రతి ఫోనూ ఆమే ఎత్తేది.

పెట్టెలోని కార్డు మీద ఒక చిప్పు ఉంటుంది. మహా పద్ధతైనది. ఎక్స్ఛేంజికి పంపే ప్రతి కబురుకూ నంబరు వేస్తుంది. అందిందన్న జవాబు కోసం ఒక్క సెకను చూస్తుంది. రాకపోతే మళ్ళీ అడుగుతుంది. మూడుసార్లు అడిగినా ఉలుకూ పలుకూ లేకపోతే లింకు తెంచేసి, పలకరింపు దగ్గర నుంచి మొదలుపెడుతుంది. దారిలో చెడిపోయి వచ్చిన కబురును అసలు ముట్టుకోదు. పక్కన పారేసి, పెట్టె తెర మీద కనిపించే తప్పుల లెక్కలో ఒకటి కలుపుకుంటుంది. లింకు తెగిన ఆ కాసేపూ బయటివాళ్ళకు ఎంగేజ్ మోతే వినిపిస్తుంది. లోపల స్విచ్‌బోర్డు మీద మాత్రం తెగిన క్షణాన ఎర్రలైటు ఒకటి నాలుగైదు సెకన్లు వెలిగి ఆరిపోతుంది.

ఆ లెక్క చూసి జబ్బేమిటో కనిపెట్టాలి. ఆదినారాయణకు అంత ఓపిక ఏది? కార్డు పీకేవాడు, అంచు మీద ఉఫ్‌మని ఊదేవాడు, మళ్ళీ గుచ్చేవాడు. లింకు లేచేది, లెక్క సున్నా అయ్యేది. నెలనెలా పైకి పంపే కాగితంలో తప్పులు సున్నా అని రాసుకోవచ్చు. ఫిర్యాదుల రిజిస్టరులో రాస్తే పైనుంచి సవాలక్ష ప్రశ్నలు, రాయకపోతే హజరాబీ తెప్పించే టీ. ఆ ఎండాకాలం ఆమె ఏడుసార్లు ఫోన్ చేసింది. "అన్నా, మద్యాన్నం మళ్ళీ ఎర్రలైటు వెలిగె. ఒకసారి వచ్చి పో." ఏడుసార్లూ వెళ్ళాడు, ఏడుసార్లూ ఊదాడు, ఒక్కసారీ రాయలేదు.

జూన్ నెలాఖరున ఒకాయన తల్లి మిద్దె మీద నుంచి పడింది. అంబులెన్సు కోసం పావుగంట ఫోన్ చేస్తే ఎంగేజ్ మోతే. చివరికి ఆటోలో తెచ్చుకున్నాడు. ఆమె బతికింది గానీ, కొడుకు ఆసుపత్రి మీదికి వచ్చి నానా యాగీ చేశాడు. ఆపరేటరు ఫోను ఎత్తి పక్కన పెట్టి నిద్రపోయిందని మేనేజరు ప్రవీణ్ తేల్చేశాడు.

మర్నాడు నెల కాగితం రాయడానికి వచ్చిన ఆదినారాయణ, అలవాటుగా ముందు కార్డు ఊదాడు. గంట తర్వాత ప్రవీణ్ గదికి రమ్మని పిలుపు వచ్చింది. హజరాబీ అక్కడే గోడవార నిలబడి ఉంది.

"ఏమప్పా, మీ లైన్లో ఏమన్నా తప్పు ఉండాదా?"

ఊదిన సంగతి ఆయనకు గుర్తులేక కాదు. ఒప్పుకుంటే రిజిస్టరు తెమ్మంటారు.

"చూసినా సార్. తప్పులు సున్నా. లైను శానా బాగుండాది."

అబద్ధం కాదు. తెర మీద సున్నానే ఉంది. హజరాబీ ఆయన వైపు ఒకసారి చూసి తల దించుకుంది. సాయంత్రానికి ఆమె ఉద్యోగం పోయింది.

రెండు నెలల తర్వాత ఆయన ఆ గదిలో ఉండగానే కరెంటు పోయింది. జనరేటరు మొదలైంది. ఆ రోజెందుకో కార్డు మీద చెయ్యి వెయ్యకుండా తెర ముందు కూర్చున్నాడు. తప్పుల లెక్క ఎక్కుతోంది. పన్నెండు, నలభై, నూట పది. లింకు తెగింది, లేచింది, మళ్ళీ తెగింది. లైను తీగ జనరేటరు కేబుల్‌ను ఆనుకుని పోతోంది, అది తిరిగినప్పుడల్లా కబుర్లు చెడిపోతున్నాయి. జానెడు పక్కకు జరిపి కట్టాడు. లెక్క అక్కడే ఆగిపోయింది. పది నిమిషాల పని.

ప్రవీణ్‌కు చెబితే, "ఆ సీట్లో ఇంకొకరు వచ్చినారు కదప్పా, ఇప్పుడు తవ్వుకునేది దేనికి" అన్నాడు.

పులివెందుల బస్సెక్కాడు. అక్కడ తన అక్క మైమూన్ ఇంట్లో హజరాబీ చీరలకు ఫాల్స్ కుడుతోంది. నిలబడే అంతా చెప్పాడు. ఊదడం, సున్నా, జనరేటరు, ఏదీ దాచలేదు. "నా వెంట రామ్మా, అందరి ముందరా చెప్తా" అన్నాడు.

"వద్దులేన్నా. ఈ పని కుదురుకుండాది."

ఆయన ఉండబట్టలేకపోయాడు. "ఏడుసార్లు ఫోన్ చేసిందానివి. ఆ పొద్దు నన్నెందుకు నిలదీయల్యా?"

హజరాబీ సూది ఆపింది.

"ఆ పొద్దు ఎర్రలైటు నా కంట పడలేదన్నా. తొమ్మిదేండ్లల్లో ఆ కుర్చీలో ఒక్కసారి కునుకు తీసిందాన్ని కాదు. అయినా నువ్వు లైను బాగుండాదంటివి. నువ్వెందుకు అబద్ధం చెప్తావని, నేనే నిద్రపోయింటానని ఇన్నాళ్ళూ అనుకుంటాండా."