‘ఎవరిలాగా’ అన్న గడి

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు. డెబ్బైల దశకానికి అసలైన గుర్తు ఎవరు అన్నది చర్చ. శనివారం సాయంత్రం, క్లబ్ హౌస్‌లో. కింద నాలుగు బొమ్మలు: ఒక తెలుగు హీరో, ఒక కన్నడ హీరో, ఒక హిందీ హీరో, ఒక గాయకుడు. ఈ నలుగురిలో ఒకరికి ఫోనులో ఓటు వేయాలి. ఆ కాగితం తయారుచేసినవారిలో ఒక్కరు కూడా ఆ పదేళ్ళు ముగిసేలోపు పుట్టినవారు కారు. అది వారి తప్పు కాదు. తాము చూడని కాలాన్ని నాలుగు బొమ్మలకు కుదించి, అయిదో బొమ్మకు చోటు లేకుండా చేయడం మాత్రం తప్పు. ఆ మాటే కాగితం అడుగున పెన్సిలుతో రాశాను. మరునాటికి కొత్త కాగితం వచ్చింది. నా మాట పోయింది, నాలుగు బొమ్మలూ అలాగే ఉన్నాయి.

ఇక్కడ నేను ఏ నటుడి పేరూ రాయను. పేరు రాస్తే చదివేవారు వెంటనే ఏదో ఒక పక్షం చేరిపోయి, చెప్పబోయే సంగతి వినడం మానేస్తారు. దీన్ని నేను యాభై ఏళ్ళుగా చూస్తున్నాను.

నేను దర్జీని. హొసకోటె నుంచి వచ్చి, బెంగుళూరు చిక్కపేట వెనక సందులో మగవారి బట్టలు కుట్టే దుకాణం పెట్టుకున్నాను. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర కూతురి ఫ్లాటులో ఉంటున్నాను. ఆ దశకంలో నా దగ్గర పదకొండు కొలతల పుస్తకాలు నిండాయి. ఏ దర్జీ పుస్తకంలోనైనా పేరు, ఛాతీ, నడుము, పొడవు, బట్టలు ఇవ్వవలసిన రోజు ఉంటాయి. పక్కన గుడ్డముక్క ఒకటి గుండుసూదితో గుచ్చి ఉంటుంది. నా పుస్తకాల్లో కుడి అంచున ఇంకొక గడి ఉండేది. దానికి ‘ఎవరిలాగా’ అని శీర్షిక పెట్టాను. అది ముచ్చట కొద్దీ పెట్టినది కాదు. వచ్చినవాడు ఫలానా సినిమాలో ఫలానా వాడు వేసుకున్నట్టు కాలరు పెట్టమనేవాడు. తీరా తొడిగి చూసేనాటికి తాను అలా చెప్పనేలేదనేవాడు. రెండు చొక్కాలు పాడయ్యాక, అన్న మాటను అన్నట్టే రాసి, పక్కన పొట్టి సంతకం చేయించుకోవడం మొదలుపెట్టాను.

ఆ గడి నిండుతున్న కొద్దీ నాకు ఒక సంగతి తేటపడింది. హీరో పేరును జనం దుకాణం అంతా వినబడేలా చెప్పేవారు. మరికొందరు, ముఖ్యంగా పెళ్ళికొడుకులు, ఉదయం తండ్రితో వచ్చి, తండ్రి చెప్పినదానికల్లా తలూపి, సాయంత్రం ఒంటరిగా తిరిగి వచ్చేవారు. కత్తిరింపు బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, విలన్ కోటు అడిగేవారు. ఆ కాలపు సినిమాల్లో మంచి బట్టలన్నీ విలన్‌వే. వెడల్పు కాలరు, గళ్ళ కోటు, మెడలో పట్టు రుమాలు అతనికి ఉండేవి. హీరో తల్లి కోసం మూటలు మోసేవాడు. అతని చొక్కా మోచేతి దగ్గర చిరిగి ఉండేది. జనం చప్పట్లు హీరోకి కొట్టారు, కోటు విలన్‌ది కుట్టించుకున్నారు. చప్పట్లు అందరికీ జ్ఞాపకం ఉంటాయి. కోటు సంగతి ఎవరూ చెప్పరు. అది నా పుస్తకాల్లో తప్ప మరెక్కడా నమోదు కాలేదు.

మా బ్లాకులో ఒక విశ్రాంత మిల్లు గుమాస్తా ఉన్నారు. బెంగుళూరులోనే పుట్టి పెరిగిన తెలుగువారు. ఆయన పెళ్ళి కోటు కుట్టింది నేనే. ఉదయం నడక అయ్యాక ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుంటాం. తెలుగు హీరో తప్ప వేరే మాట ఆయనకు పనికిరాదు. ఆ వారం చర్చ వేడెక్కినప్పుడు, ఇన్నేళ్ళూ లోపల దాచుకున్నది బయటపెట్టాను.

“నీ పెళ్ళి కోటు విలన్‌దప్పా.”

“యాడిది? నేనా? విలన్ కోటు తగిలించుకొని మా నాయన ముందర పీటల మీద కూచుంటినా? కాళ్ళు ఇరగ్గొట్టి ఉంటాడు.”

“మీ నాయనకు ఏం తెలుసు? బాగా కుట్టినావని నా భుజం తట్టినాడు.”

“మాస్టరూ, నీకు వయసయిందప్పా. మా ఇంట్లో గోడ గోడకీ మన హీరో ఫొటోనే ఉండె.”

“గోడ మీద ఆయన ఉండె. ఒంటి మీద ఇంకొకడు ఉండె.”

“నోటితో చెప్తే ఎట్లా? నీ పుస్తకంలో ఉండాది గదా, తెచ్చి చూపించు. ఉంటే శనివారం అందరి ముందర లేచి ఒప్పుకొంటా. లేదంటే నువ్వు లేచి చెప్పు, నా పుస్తకాలన్నీ సుళ్ళు, నేను రాసిందంతా అబద్ధం అని.”

సరే అన్నాను. ఆ పుట నాకు తెలుసు. ఏడో పుస్తకం, మధ్య కుట్టుకు కొంచెం ఇవతల.

సాంస్కృతిక కమిటీ కార్యదర్శి గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. పుస్తకాలు చూపించగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

“అంకుల్, ఇవి అసలు గోల్డ్! మీరు పేజీలు మార్క్ చేసి ఇచ్చేయండి, స్క్రీన్ మీద వేద్దాం. మీకు టూ మినిట్స్ స్లాట్ ఇస్తా.”

చూపవలసిన పుటల్లో కాగితపు చీటీలు పెట్టాను. పుస్తకాల సంఖ్య, ఒక్కొక్కదాని పుటలు, అట్టల పరిస్థితి, తిరిగి ఇవ్వవలెనన్న షరతు — అన్నీ రెండు ప్రతులుగా రాసి ఆమె చేత సంతకం చేయించుకున్నాను. ‘కత్తిరించరాదు’ అని మాత్రం రాయలేదు. బతుకంతా కత్తెర పట్టినవాడిని. ఆ మాట రాయవలసి ఉంటుందని తోచలేదు.

శనివారం గంట ముందుగా వెళ్ళాను. క్లబ్ హౌస్ వాకిట్లో, ఫొటోలు తీసుకోవడానికి ఒక గోడను అలంకరించారు. బెల్ బాటం ప్యాంట్లు, వెడల్పు కాలర్లు, గిటార్లు కాగితంతో కత్తిరించి వరసగా అంటించారు. దూరం నుంచి చూసి, కాలరు కొన సరిగ్గా తీశారే అనుకున్నాను. ఇది దాచడం న్యాయం కాదు కనుక రాస్తున్నాను. దగ్గరికి వెళ్ళాక వాటి మీద నా చేతిరాత కనబడింది. సూదులు ఊడదీసిన గుడ్డముక్కలను ఒక గాజు గిన్నెలో పోసి బల్ల మీద అందానికి పెట్టారు. ఏ ముక్క ఎవరిదో ఇక బ్రహ్మ కూడా చెప్పలేడు.

ఆ అమ్మాయి ఎదురొచ్చింది.

“ఎంత అథెంటిక్‌గా వచ్చిందో చూశారా అంకుల్? అందరూ ఇక్కడే సెల్ఫీలు తీసుకుంటున్నారు.”

“ఇవి నా పుస్తకాలమ్మా. కత్తిరించినారు.”

“బైండింగ్ ఎలాగూ ఊడిపోతోంది కదా అంకుల్. ఫొటోలు తీయించాకే చేశారు, చూడండి.”

ఫోను చూపించింది. పదకొండు ఫొటోలు. పదకొండూ అట్టలవే.

“లోపలి పుటలవి?”

ఆమె వేలితో ఇటూ అటూ జరిపి చూసింది. ముఖం చిన్నబోయింది. “డెకరేషన్ వాళ్ళకి చెప్పాను అంకుల్, అన్నీ తీయమని. సారీ. పుస్తకాలు మాత్రం తిరిగి ఇచ్చేస్తాం. అట్టలన్నీ పెట్టెలో జాగ్రత్తగా ఉన్నాయి.”

ఆమె మీద కేకలు వేసి ప్రయోజనం లేదు. పాత కాగితం అంటే గోడకు అంటించేదని ఆమెకు ఎవరో నేర్పారు. చదివేదని నేర్పినవారు లేరు. నా వంతు వచ్చినప్పుడు వేదిక ఎక్కి ఆ గడి గురించి చెప్పాను. ఆ రాత ఎక్కడుందని ఒకరు అడిగితే, బయట గోడ మీద ఉందన్నాను. హాస్యమనుకుని నవ్వారు. చప్పట్లు కొట్టారు. తర్వాత ఓటింగు జరిగింది. ఎవరు గెలిచారో నేను రాసుకోలేదు.

జనం భోజనాలకు వెళ్ళాక గుమాస్తా గారిని గోడ దగ్గరికి తీసుకుపోయాను. ఒక్కొక్క బొమ్మనూ చదువుతూ పోతే, కింది వరసలో ఒక బెల్ బాటం ఆకారంలో ఆయన పుట దొరికింది. పేరు ఉంది. ఛాతీ ఉంది, నడుము ఉంది. కుడి అంచు దగ్గర, కాలు వెడల్పయ్యే వంపు కోసం కత్తెర లోపలికి తిరిగింది. ‘ఎవరిలాగా’ గడి ఆ వంపులో పోయింది. పొట్టి సంతకంలోని మొదటి గీత మాత్రం మిగిలింది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని వంగారు.

“ఇది నాదేనా? నడుము ఇరవై ఎనిమిదా? ఇంత సన్నగా ఉంటినా మాస్టరూ?”

“ఉంటివి.”

“మా ఇంటామెకు చూపించాలప్పా. చెప్తే నమ్మదు.”

“నడుము కాదు, పక్క గడి చూడు.”

“యాడుండాది గడి?”

“అదే, కత్తిరించేసినారు.”

ఆయన ఆ గీతను వేలితో తడిమి చూశారు. ఎగతాళి చేస్తారనుకున్నాను, చేయలేదు. “నిజంగా నాకు జ్ఞాపకం లేదప్పా. నువ్వు ఇంత చెప్తాండావంటే అయ్యుంటుంది. ఒప్పుకొన్నా, పో. రా, అన్నం తిందాం.”

నాకు కావలసింది అది కాదు. జాలిపడి ఒప్పుకున్న మాట సాక్ష్యం కాదు. ఎదురుగా రాత ఉండి, దాన్ని చదివి, కాదనలేక ఒప్పుకోవాలి. ఆ కాగితాన్ని గోడ నుంచి ఊడదీశాను. జిగురుకు వెనకవైపు రాత గోడకే ఉండిపోయింది. ఆయన అడిగారు, ఇచ్చాను. సరిగ్గా నడుము కొలత దగ్గర మడిచి జేబులో పెట్టుకున్నారు.

మరునాడు ఉదయం పదకొండు అట్టలూ ఒక సంచిలో తిరిగి వచ్చాయి. వెంట స్వీట్ల పెట్టె ఉంది. జాబితాలో ‘ముట్టినవి’ అని రాసి సంతకం చేయాలన్నారు. అట్టలు మాత్రమే ముట్టినవని రాసి సంతకం చేశాను.

తర్వాత కొత్త పుస్తకం తెరిచి గీతలు గీశాను. జ్ఞాపకం ఉన్నంత మేరకు పోయినదంతా తిరిగి రాయాలని నా సంకల్పం. మొదట గుమాస్తా గారి పేరు రాశాను. ఛాతీ గుర్తు లేదు, నడుము ఇరవై ఎనిమిది. ‘ఎవరిలాగా’ గడిలో విలన్ కోటు అని రాశాను. ఎన్ని బొత్తాలు? రెండో మూడో తేలలేదు. గళ్ళు గోధుమ రంగువా, నీలానివా? ఆ సాయంత్రం దుకాణానికి వచ్చిన మనిషిని కళ్ళ ముందుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. బల్ల మీదికి వంగాడు, గొంతు తగ్గించాడు, అంతవరకు స్పష్టంగానే ఉంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి, అది ఆయనా, అదే నెలలో నా దగ్గరే పెళ్ళి కోటు కుట్టించుకున్న ఆయన తమ్ముడా అన్నది నాకు తెలియలేదు.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆ గడిలో రాసినది కొట్టివేశాను.