రెండో జెండా

ఆ ఉదయం నేను చేసిన తప్పు చూడ్డానికి చాలా చిన్నది. లాప్‌టాప్‌లో ఒక ప్రశ్న వస్తే ‘సరే’ అని నొక్కాను. “నలభై ఒక్క మందికి స్టార్ట్ టైమ్ లేదు. జెండా ఊపిన సమయంతో నింపాలా?” ఆ ప్రశ్న రాసిందీ నేనే, జవాబు చెప్పిందీ నేనే.

పరుగు పందాలకు టైమ్ లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ నాది. పరిగెత్తేవాళ్లు ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం వెనక చిన్న చిప్ ఉంటుంది. స్టార్ట్ దగ్గర నేల మీద పరిచిన మ్యాట్ దాటితే ఒక సమయం నమోదవుతుంది, ఫినిష్ దగ్గర ఇంకొకటి. రెంటికీ తేడాయే ఆ మనిషి టైమ్. అప్పుడప్పుడూ ఒకటీ అరా చిప్‌లను స్టార్ట్ మ్యాట్ పట్టుకోదు. అప్పుడు జెండా ఊపిన సమయాన్నే ఆ ఖాళీలో వేస్తాం. నలభై ఒక్క ఖాళీలంటే మాత్రం అక్కడ ఏదో జరిగిందని అర్థం. నాకు తట్టలేదని అనను. తట్టింది. వేదిక మీద బహుమతులకు పేర్లు అడుగుతున్నారు, నొక్కేశాను.

ఆ పది కిలోమీటర్ల పరుగు ఫిల్మ్‌నగర్‌లో మొదలై జూబ్లీహిల్స్‌లో ముగిసింది. స్టార్ట్ దగ్గర నా పార్ట్‌నర్, ఫినిష్ దగ్గర నేను. మాది పన్నెండేళ్ల స్నేహం. వాడు ఫోన్లో “అంతా ఓకేరా” అంటే మళ్లీ అడిగే అలవాటు నాకు లేదు.

ఫలితాలు తెర మీద వేసిన కాసేపటికి ఒకామె మా టెంట్‌లోకి వచ్చింది. కృష్ణానగర్‌లో ఉంటుందట, సినిమా పాటల్లో గ్రూప్ డాన్సర్. ముప్పై దాటాక పిలవడం తగ్గించారు. యాభై నిమిషాల లోపు పరిగెత్తినట్టు ఈ సాయంత్రానికి కాగితం చూపిస్తే రన్నింగ్ కోచ్‌గా తీసుకుంటామని ఇక్కడి జిమ్ వాళ్లు మాటిచ్చారు. మా తెర మీద ఆమె టైమ్ యాభై ఏడు.

“అన్నా, గిదేం లెక్క? నేను రెండో జెండాకు ఉరికిన గదా!”

“రెండో జెండా ఏంటమ్మా?”

“హీరో లేటుగొచ్చిండు. ఫోటోల జనం నిండుగుండాలని ఎనకున్నోళ్లను ఆపిన్రు. ఆయనొచ్చినంక మల్ల జెండా ఊపిండు. షూటింగుల ఆపితే టిఫినన్నా పెడ్తరు. మీరు ఉల్టా ఎనిమిది నిమిషాలు మీదేసిన్రు.”

అప్పటికే స్టార్ట్ నుంచి వచ్చేసి, పక్కన కూర్చుని ఇడ్లీ తింటున్న పార్ట్‌నర్ వైపు చూశాను. “జెండా ఒక్కసారేరా,” అన్నాడు తల ఎత్తకుండా.

“టైమ్ రాని ప్రతివాళ్లూ ఏదో ఒక కథ చెప్తారమ్మా,” అన్నాను ఆమెతో. “మీది సినిమా కథ.”

టెంట్‌లో పనిచేస్తున్న నలుగురూ నవ్వారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. “సినిమా కథైతే ఇంత మంచిగ నవ్వరు,” అని వెళ్లిపోయింది.

బహుమతులయ్యాక కూడా ఆ మాట కుదురుగా ఉండనివ్వలేదు. లెక్కలు తెరిచాను. సగం దూరంలో ఇంకో మ్యాట్ ఉంటుంది. మొదటి సగం ఆమెకు ముప్పైరెండున్నర నిమిషాలు పట్టింది, రెండో సగం ఇరవై నాలుగున్నర. అలసిపోయాక ఎవరూ అంత వేగం పెంచలేరు. మిగతా నలభై మందికీ అదే తేడా.

అప్పుడు పార్ట్‌నర్ వాట్సాప్ స్టేటస్ చూశాను. హీరో జెండా ఊపుతున్న వీడియో. ఆయన వెనక మా గడియారం, పరుగు మొదలై ఎనిమిది నిమిషాల నాలుగు సెకన్లయిందని చూపిస్తోంది. మా మ్యాట్ చుట్ట చుట్టి ఫుట్‌పాత్ మీద ఉంది. ఫోన్ వాడి ముందు పెట్టాను.

“ఫ్రేమ్‌లో నల్లగా, వైర్లతో బాలేదన్నాడ్రా కెమెరామన్,” అన్నాడు వాడు. “తీసి పక్కన పెట్టా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఒప్పుకునేవాడివా? అయినా ఖాళీలొస్తే నీ సాఫ్ట్‌వేర్ నింపేస్తుంది కదా.”

ఒళ్లు మండింది. ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు. ఒక ఫోటో కోసం వాడు నన్ను ఆమె ముందు అబద్ధాలకోరుని చేశాడు. కానీ వాడు ధీమాగా ఆనుకున్నది నా నిర్లక్ష్యం మీదే. ఖాళీ గడి ‘నాకు తెలియదు’ అని నిజం చెబుతోంది. నేను దాని నోరు మూసి, నా చేతిలోని అంకె పెట్టాను. నిజం చెప్పడానికి వచ్చిన మనిషిని కూడా అలాగే చేశాను.

వీడియోలోని సమయం పెట్టి నలభై ఒక్క మంది ఫలితాలూ సరిచేశాను. ఆమెది నలభై తొమ్మిది నిమిషాల ఆరు సెకన్లు. పరుగు దరఖాస్తులో ఆమె ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను.

“మల్ల ఉరకమంటవా ఏంది? నీ తప్పుకు నేనెందుకు ఉరకాలె?”

“వద్దమ్మా. జిమ్‌కి నేను కూడా వస్తాను.”

జిమ్ యజమాని పొద్దుటి ఫలితాల కాగితాన్నీ, నేను తెచ్చిన కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టాడు. “పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఏది నమ్మాలండీ?” వీడియో చూపించాను, సగం దూరం లెక్కలు చూపించాను. ఆమె నిజమే చెప్పిందనీ, నేను వినకపోగా నవ్వించాననీ అక్కడే రాసి సంతకం పెట్టాను. ఆయన ఇంకోసారి చదివి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

మెట్లు దిగుతూ ఆమె థాంక్స్ చెప్పలేదు. “గాడ నవ్విన్రు గదా, వాళ్లకు గూడ చెప్పు,” అంది.

టెంట్ దగ్గరికి తిరిగి వెళ్లాను. ఇద్దరు తాళ్లు విప్పుతున్నారు, వాళ్లకు చెప్పాను. మూడో ఆయన షేక్‌పేట వెళ్లిపోయాడంటే ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి చెప్పాను. నాలుగో ఆయనకు అసలు గుర్తే లేదు, “ఏ అమ్మాయండీ?” అన్నాడు. మొదటి నుంచీ మొత్తం చెప్పాను.