నీళ్ల వయసు అడిగే మనిషి

త్రినాథరావు ఎవరింటికి వెళ్లినా ముందు అడిగేది ఒకటే: "ఈ నీళ్ల వయసెంతండీ?" పెళ్లికి వెళితే వధూవరుల వయసు ఆయనకు పట్టదు. కాళ్లు కడుక్కోమని ఇచ్చిన బిందెలో నీళ్లు ఎప్పటివో తేలందే పాదం తడుపుకోడు. కర్మన్‌ఘాట్‌లో ఆ గల్లీవాళ్లయితే ఆయనడక్కముందే, నల్లా పొద్దున్నే వచ్చిందని చెప్పి మరీ చాయ్ కప్పు అందిస్తారు.

దీనికంతటికీ మూలం ఆయన పెరట్లోని చేపల గుంత. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఇరవై రెండేళ్లు కెమిస్ట్రీ చెప్పి, మానేసిన మర్నాడే తవ్వించాడు. మంచమంత వెడల్పు, నడుము లోతు. అందులో బోలెడు చిట్టి గప్పీ చేపలు, నాలుగు ఎర్ర చేపలు, ఓ మూల కలువ. నల్లా నీళ్లలో మందు కలుపుతారు గనుక, దోమలు వాలకుండా వల కట్టిన డ్రముల్లో రెండు రోజులు మగ్గాకే అవి గుంతలోకి వెళ్లాలి. అదీ వారానికి నాలుగో వంతే మార్చాలి. రాలిన ఆకు మునగకముందే తీసెయ్యాలి. మేత రెండు నిమిషాల్లో చేపలు తినేసేంతే వెయ్యాలి. ఒకరోజు అలా మేత వేసి గడియారం చూసుకుంటుంటే, పొయ్యి మీద పాలు పొంగి, గిన్నె మాడి, ఇల్లంతా పొగ కమ్మింది. భార్య సీతామహాలక్ష్మి కేక వేస్తే, "ఇంకా పదిహేను సెకన్లుంది సీతా" అన్నాడట.

పక్కింటి మల్లమ్మకు ఆ గుంత కంట్లో నలుసు. పోచంపల్లి నుంచి వచ్చిన చేనేత ఇంటి మనిషి. బడి మొహం రెండేళ్లే చూసినా, ఆమె నోరు మాత్రం పెద్ద చదువులే చదివింది. నిరుడు వానాకాలం మనవరాలు స్పందనకు డెంగీ వచ్చి ఎనిమిది రోజులు దవాఖానలో ఉంటే, ఆ దోమలు సారు గుంతలోవేనని మల్లమ్మ తీర్పు చెప్పేసింది.

ఆపైన త్రినాథరావు జబ్బు ఇంకా ముదిరింది. ప్రతి శుక్రవారం గల్లీ అంతా తిరిగి జనాల కూలర్లలోకీ, డ్రముల్లోకీ, పూలకుండీల కింది పళ్లేల్లోకీ తొంగిచూడటం, వయసు అడగటం. ఆ ప్రశ్న వినలేక జనం గురువారమే అన్నీ ఒంపేసుకునేవారు. లొంగనిది మల్లమ్మ ఒక్కతే. ఆమె పెరట్లో అత్తగారి కాలం నాటి గాబు ఉంది. నూలుకు రంగులద్దిన ఆ రాతి తొట్టిని లారీలో తెప్పించుకుంది. ఎప్పుడూ వాననీళ్లతో నిండే ఉంటుంది.

"మల్లమ్మగారూ, ఈ గాబులో నీళ్ల వయసెంతండీ?"

"నా పెండ్లికి నింపినయ్ సారు. లెక్కవెట్టుకో."

ఈ ఏడాది వానలు మొదలవగానే మల్లమ్మ కొడుకు అశోక్ చేత గుంత మీద మున్సిపాలిటీకి ఫోన్లో ఫిర్యాదు పెట్టించింది. మూడో రోజున దోమల సిబ్బంది దిగారు. గుంతలో దోమ పిల్ల దొరికితే ఇవాళే పూడ్చేస్తామన్నాడు వాళ్ల పెద్ద సైదులు. మట్టి ట్రాలీ వీధిలో సిద్ధంగా నిలబడింది. త్రినాథరావు గుంత గట్టు వదల్లేదు. మల్లమ్మ పీటెక్కి, గోడ మీద మోచేతులు ఆనించి, సీరియల్ చూసినట్టు చూడసాగింది.

సైదులు గరిటె పన్నెండుసార్లు ముంచాడు. పన్నెండుసార్లూ తేట నీళ్లే వచ్చాయి, ఒకసారి మాత్రం వాటితో పాటు ఓ కోపిష్టి గప్పీ. పనిలో పనిగా చుట్టుపక్కల కూడా చూద్దామని అతను మల్లమ్మ పెరట్లోకి వచ్చి గాబులో ముంచాడు. గరిటె నిండా మెలికలు తిరిగే పురుగులు.

"గివి ఎవలయి?"

మల్లమ్మ పీట మీదే వెనక్కి తిరిగి గరిటెలోకి చూసింది. నిరుడు స్పందన రోజూ చదువుకున్నది ఆ గాబు పక్కనే.

"నావేనండీ," అన్నాడు గోడవతలి నుంచి త్రినాథరావు. "చేపల మేతకని ఆవిడ గాబులో నేనే పెంచుతున్నాను. పాపం, ఆవిడకి తెలీదు."

"అయితే మీ గుంత పూడ్చుడే సార్." సైదులు ట్రాలీవాడికి చెయ్యి ఊపాడు.

మల్లమ్మ పీట దిగి కొంగు నడుముకు దోపింది.

"ఆగు బిడ్డా. గాబు మా అత్తది. నీళ్లు నావి. పురుగులు గూడ నావే. పిల్లలకు పాఠాలు చెప్పుకునేటోనికి అబద్ధమాడుడు ఏడొస్తది?"

అంటూనే చెంబెడు పురుగుల్ని ముంచి గోడ మీంచి గుంతలో పోసింది. గప్పీలకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వెంటనే గాబు అడుగు చిల్లికి కుక్కిన గుడ్డ పీకేసింది.

సైదులు జ్వరాల లెక్క రాసుకునే పుస్తకం తిరగేశాడు. చుట్టూ నాలుగు గల్లీల్లో జ్వరాలే. ఇక్కడ మాత్రం నిరుడు స్పందన తర్వాత ఒక్కటీ లేదు. ఇక్కడ ఇంటింటికీ తిరిగి నీళ్లు ఒంపిస్తున్నదెవరని అడిగితే సీతామహాలక్ష్మి మొగుణ్ణి చూపించింది.

"స్పందన ఇంటికొచ్చిన వారం నుంచే మొదలెట్టారండీ ఈ తిరుగుళ్లు. గాబు సంగతి ఆవిడకి నేరుగా చెప్పెయ్యొచ్చు కదా అన్నాను. చెబితే పిల్ల జ్వరం తన వల్లే వచ్చిందని కుమిలిపోతారన్నారు. తిడితే తిట్టనీ అన్నారు."

మల్లమ్మ మళ్లీ పీటెక్కి గోడ మీంచి తొంగిచూసింది.

"గంత సదువు సదివి, గీ ముచ్చట ఏడాది కడుపుల వెట్టుకున్నవా సారు? దా, ముందుగాల చాయ్ తాగు."

ట్రాలీ మట్టితో సహా వెనక్కి పోయింది. ఖాళీ ప్లాట్లలో నీళ్లు నిలిచిన గోతుల్లో వదలడానికి సైదులు వంద గప్పీలు అడిగి తీసుకెళ్లాడు. త్రినాథరావు ఒక్కొక్క చేపకూ జాగ్రత్తలు చెప్పి పంపాడు. సాయంత్రానికల్లా అన్ని గల్లీలకూ తెలిసిపోయింది, గుంత పూడకుండా కాపాడింది మల్లమ్మేనని. చెప్పింది కూడా మల్లమ్మే. ఆ ఫిర్యాదు పెట్టిందెవరో మాత్రం ఆమెకు ఇప్పటికీ అంతుపట్టలేదట.