వ్యవస్థాపకుడి పదకొండు బతుకులు

మా కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు గారికి ఒక్కటే జబ్బు. కాలేజీ చరిత్ర చెప్పమంటే ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పరు.

చెప్పడానికి అదేమంత పెద్ద చరిత్ర కాదు. యాభై ఏళ్ల కిందట ఒక కలప వ్యాపారి తన గోదాము ఖాళీ చేసి అందులో కాలేజీ పెట్టాడు. రెండు వందలమంది విద్యార్థులు. తత్త్వశాస్త్రం, సాహిత్యం, సంగీతం, కెమిస్ట్రీ అన్నీ ఒకే వరండాలో. నేను కవిత్వం చెబుతుంటే పక్క గదిలోంచి గంధకం వాసన వస్తుంది. కెమిస్ట్రీ వాళ్లు మా పద్యాలు అప్పజెబుతారు. వ్యాపారి గారి కాగితాలన్నీ చెదలు తినేశాయి. మిగిలింది ఆఫీసు గోడమీద పటం. దాని కింద సూపరింటెండెంటు గారి బల్ల.

చేరడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఆ బల్ల ముందు కూర్చోవాలి. ఆయన దరఖాస్తు చదివి, కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, మనిషిని చూసి, పటంకేసి చూసి మొదలుపెడతారు.

నేను చేరిన రోజు నా పేరు చెప్పడానికే నోరు పెగల్లేదు.

"మన వ్యవస్థాపకుడు గారూ అంతేనమ్మా," అన్నారాయన. "ప్రారంభోత్సవం నాడు మైకు ముందు నిలబడి, చెమటలు తుడుచుకుని, 'అందరూ కూర్చోండి' అన్నారు. అందరూ కూర్చునే ఉన్నారు. ఇక చేసేదేంలేక తనే కూర్చున్నారు."

ఇరవై ఏళ్లు ఆ మాట నమ్మాను. ఇప్పుడు నేను పాఠం మొదలుపెడితే ఎప్పుడాపుతానా అని పిల్లలు గడియారంకేసి చూస్తుంటారు.

ఈ ఏడాది స్వర్ణోత్సవ సంచికకు వ్యవస్థాపకుడి జీవితం రాసే పని నామీద పడింది. పాత విద్యార్థులకు ఉత్తరాలు రాస్తే పదకొండు జవాబులు వచ్చాయి. ఒకదాంట్లో ఆయన లెక్కల్లో రెండుసార్లు తప్పారు. ఇంకోదాంట్లో తండ్రితో పోట్లాడి ఇల్లు వదిలేశారు. మరోదాంట్లో నలభై రెండో ఏట చదువు మొదలుపెట్టారు. అన్నీ రాసి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను. ఆయనా ఇక్కడ చదువుకున్నవారే. నవ్వగా ఎవరూ చూడలేదు.

సూపరింటెండెంటు గారిని పిలిపించారు.

"ఏమండీ, ఒక్క మనిషి ఇన్ని బతుకులు బతికాడా?"

"ఆయనకి తీరికెక్కువండీ."

"వేళాకోళమా? అసలు ఆయన్ని మీరు చూశారా?"

"పటంలో రోజూ చూస్తున్నానుగా!"

"రేపటినుంచి కొత్త పిల్లలు మీ దగ్గరికి రారు. ఆ బల్ల స్టోర్‌రూములో వేయిస్తాను."

నుదుటిమీది కళ్లజోడు దానంతటదే ముక్కుమీదికి జారింది. "రేపు ఇద్దరొస్తామన్నారండీ..." అని మాత్రం అన్నారాయన.

నేను బీరువాలోంచి పాత దరఖాస్తులు తెచ్చి ఒక్కో ఉత్తరం పక్కన ఒక్కోటి పెట్టాను. లెక్కల ఉత్తరం రాసినామె లెక్కల్లో రెండుసార్లు తప్పి వచ్చింది. నలభై రెండేళ్ల ఉత్తరం రాసినాయన చేరేనాటికి సరిగ్గా అదే వయసు. పదకొండూ అంతే.

ప్రిన్సిపాల్ గారు అన్నీ చదివారు. ఎర్ర పెన్సిలు తీసి నా వ్యాసంలో పేరా తర్వాత పేరా కొట్టేశారు. మైకు కథ కూడా పోయింది. చివర్న మిగిలిన ఖాళీలో తనే ఒక వాక్యం రాసి కాగితం నాకిచ్చారు.

'హాస్టల్లో చేరిన కొత్తలో వ్యవస్థాపకుడు గారు అమ్మ కావాలని వారం రోజులు ఏడ్చారు.'

"ఇదొక్కటీ వేయండి. ఇది నిజం. నాకు తెలుసు," అన్నారు కిటికీకేసి చూస్తూ. తర్వాత సూపరింటెండెంటు గారికేసి తిరిగి, "రేపు ఆ ఇద్దర్నీ ఎన్నింటికి రమ్మన్నారు?" అని అడిగారు.

"పదింటికండీ." సూపరింటెండెంటు గారు కళ్లజోడు మళ్లీ నుదుటిమీదికి నెట్టారు. గుమ్మందాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"వారం కాదండీ. తొమ్మిది రోజులు."